ఏడో కార్డు మీది చీమలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ప్రపంచంలో కనిపెట్టాల్సినవన్నీ తన కోసమే దాక్కుని ఎదురుచూస్తున్నాయనుకుంటాడు. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. బాపట్లలో వ్యవసాయం చదివి, సిడ్నీలో పురుగుల మీద మాస్టర్స్ చేసి, ఇరవై నాలుగేళ్లకే బయోసెక్యూరిటీలో, అంటే బయటి చీడపీడలు చొరబడకుండా కాపలా కాసే పనిలో కుదిరాను. (మా అమ్మ చుట్టాలందరికీ "మావాడు కస్టమ్స్‌లో ఆఫీసరు" అని చెప్పుకునేది. చీమలు లెక్కపెడతాడంటే పరువు పోతుందని.) ప్రొబేషన్ ముగియడానికి ఇంకా ఆరు వారాలున్నాయనగా, ఆస్ట్రేలియా ఉత్తరాన జనసంచారం లేని ఒక సముద్ర తీరానికి నన్ను మొదటిసారి ఒంటరిగా పంపారు. తరతరాలుగా ఆ నేల ఏ ఆదివాసులదో వాళ్లే అక్కడ రేంజర్లు. అలలకి కొట్టుకొచ్చే దుంగలూ వలలూ, వాటి మీదెక్కి వచ్చే పురుగూ పుట్రా అన్నిటినీ పట్టేది వాళ్లే. నేను వెళ్లింది వాళ్లకి చీమల సర్వే నేర్పడానికి. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది.

బయల్దేరే రోజు, సిడ్నీ శివారు టూంగాబీలో నేను అద్దెకున్న ఇంటి ఆంటీ ఒక రేకు డబ్బా నిండా అరిసెలు సర్ది, వంకరపోయిన మూతని అరచేత్తో నాలుగు గుద్దులు గుద్ది నా చేతికిచ్చింది. "చెక్-ఇన్‌లో వెయ్యకు నాన్నా, స్క్వాష్ అయిపోతాయి. హ్యాండ్ లగేజ్‌లోనే పెట్టుకో" అంది. ఆ తీరంలో అడుగుపెట్టే ముందు అందరూ నింపాల్సిన ఫారం ఒకటుంది. దాన్ని తయారుచేసిందీ నేనే. అందులో 'ఆహార పదార్థాలు' అన్నచోట 'లేవు' అని రాశాను. అబద్ధమాడాననుకోకండి. తెలుగువాడి లెక్కలో ఆహారమంటే అన్నం. అరిసెలు ఆంటీ అభిమానం, దానికి ఫారంలో గడి లేదు.

రేంజర్ల పెద్ద అరవై దాటిన ఆవిడ. అక్కడా పెద్దవాళ్లని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు కాబట్టి నాకు కొత్త అనిపించలేదు. ట్రక్కు తోలేది ఆవిడ తమ్ముడు, మాట తక్కువ మనిషి. వాళ్లిద్దరి బూట్లూ నేను స్వయంగా బ్రష్షుతో రుద్ది, మందు చల్లి, కలుపు విత్తనం ఒక్కటి కూడా లేదని తేల్చాక గానీ ఇసుకలోకి దిగనివ్వలేదు. నా బ్యాగు ఎవరూ చూడలేదు. చూసేవాణ్ణి నేనే కదా. తర్వాత ఇరవై కార్డుల మీద కాస్త జామ్, చిన్న సాసేజ్ ముక్క పెట్టి ఒడ్డు పొడవునా వరసగా పరిచాను. (పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని ఇంటి పిల్లాణ్ణి, చీమల కోసం సాసేజ్ కోశాను. ఈ సంగతి ఇప్పటికీ ఇంట్లో తెలియదు.) ఏ కార్డుకి ఏ చీమ వస్తుందో గంట తర్వాత చూడాలి. రేంజర్ ఆంటీ ఇదంతా చూస్తూ, చీమలు కావాలంటే ఆ దుంగ కింద ఉంటాయి అని ఒకసారి చెప్పింది. నేను పద్ధతి ప్రకారం పోవాలన్నాను.

గంట తర్వాత ఏడో కార్డు చీమలతో కదులుతోంది. వంగి చూశాను. గోధుమరంగు, సన్నటి నడుము, ఆ తీరం జాబితాలో లేని చీమ. దొరికింది, దొరికింది అని కేకలు పెడుతూ ఒడ్డంతా పరిగెత్తాను. శాటిలైట్ ఫోన్లో మా బాసుకి కొత్త చీమ చొరబాటు అని చెప్పేశాను. ఆయన అక్కడ నలుగురిని లేపి కూర్చోబెట్టాడు. నేను మనసులో నా పేరుతో ఒక వ్యాసం సగం రాసేశాను కూడా. వెనక్కొచ్చేసరికి ఆంటీ మోకాళ్ల మీద కూర్చుని, చీమల బారు వెంట నెమ్మదిగా జరుగుతోంది. బారు కార్డు నుంచి ఇసుక మీదుగా ట్రక్కు టైరు ఎక్కింది. టైరు నుంచి వెనక తొట్టిలోకి. అక్కడ నా బ్యాగులోకి.

"చీమ ఎటు పోతోందో చూశావు. ఎక్కణ్ణుంచి వస్తోందో చూడలేదు" అంది ఆంటీ.

డబ్బా మూత తీస్తే అరిసెలు కనపడలేదు, చీమలే కనపడ్డాయి. టూంగాబీ వంటింట్లో పొద్దున్నే స్టవ్ గట్టు మీద తిరిగే మా ఇంటి చీమలు. అంత దగ్గరివాళ్లని నేను పోల్చుకోలేకపోయాను. ట్రక్కు తోలే అంకుల్ ఒక్కసారి నవ్వాడు. నేనూ నవ్వబోయాను గానీ ఆంటీ మొహంలో నవ్వు లేదు. వీటి రాణి కూడా వచ్చిందా అని అడిగింది. తెలియదన్నాను. "మా అమ్మమ్మ చేపలు పట్టిన ఒడ్డు ఇది. నీ చీమ ఇక్కడ కాపురం పెడితే, నీ ఉద్యోగం పోయినంత మాత్రాన అది పోదు" అంది. అప్పటిదాకా నాకు ప్రొబేషన్ గురించే భయం. ఆ మాటతో అసలు భయం పట్టుకుంది.

డబ్బాని రెండు సంచుల్లో బిగించి కట్టాం. బారునంతా ఇసుకతో సహా ఎత్తాం. మూడు రోజులు అక్కడే గుడారం వేసుకుని, ట్రక్కు చుట్టూ కార్డులు పెడుతూ కూర్చున్నాం. ఒక్కొక్క అరిసె తుంచి, భూతద్దం పెట్టి, చీమలన్నీ వెతికాను. రాణి లేదు, అంటే కొత్త పుట్ట పెట్టలేవు. మూడో రోజు సాయంత్రానికి ఏ కార్డు మీదా ఆ చీమ రాలేదు. ఆంటీ చెప్పిన దుంగ కింద మాత్రం అక్కడి చీమలు కావలసినన్ని ఉన్నాయి. బాసుకి రెండో ఫోను నేనే చెయ్యాలని ఆంటీ పట్టుబట్టింది. ఆయన రిపోర్టులో 'చొరబాటు ఎక్కణ్ణుంచి' అన్నచోట టూంగాబీ అని రాయమన్నాడు. దాచకుండా చెప్పినందుకు ఉద్యోగం ఉంచారు.

తిరిగి వచ్చే రోజు సిగ్గుతో తల దించుకుని, ఈసారి వేరే ఎవరినైనా పంపమని చెబుతానన్నాను. ఆంటీ నా బ్యాగుని తలకిందులుగా పట్టుకుని దులుపుతూ, "వేరేవాణ్ణి పంపితే వాడికి మొదట్నించీ నేర్పాలి. నీకు సగం వచ్చేసింది. నువ్వే రా" అంది.

వెళుతూనే ఉన్నాను. మిగతా సగం ఇంకా పూర్తి కాలేదు, మోకాళ్లు మాత్రం అరిగాయి. ఇప్పుడు కార్డు మీద ఏం కనిపించినా కేకలు పెట్టను, ముందు వెనక్కి నడిచి చూస్తాను. అదే సరైన పద్ధతి. కానీ ఆ ఒడ్డున చేతులూపుతూ పరిగెత్తిన కుర్రాడు గుర్తొస్తే నవ్వుతోపాటు కాస్త దిగులు కూడా. మా ఇంటి చీమల్ని చూసి వాడు పడ్డంత సంతోషం, ఆ తర్వాత పట్టిన నిజమైన చీమల్ని చూసి నేనెప్పుడూ పడలేదు.