సవతికి సగం గది

మా వీధిలో టైలరక్క చేతికిచ్చిన గుడ్డ పాడైందని ఎవరూ అనగా నేను వినలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ పాడైన గుడ్డ నాదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆమెకు యాభై మూడేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మెడలో కొలతల టేపు లేకుండా కనిపిస్తే జనం ఆగి మరీ "ఏంటక్కా, ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "కొలతలు కుదర్లేదు" అనేది. ఆ మాట అంతటితో తెగిపోయేది.

ఆమెకు ఒక్కగానొక్క అన్న. పక్క వీధిలో కాపురం, మేడ మీద ఇల్లు, కింద కారు పట్టేంత షెడ్డు. చేతిపనులు నేర్పే బడిలో ఆయన మోటారు విభాగం మాస్టారు. ముప్పై ఏళ్లు ఇంజన్ల మోత మీదుగా పాఠం చెప్పీ చెప్పీ ఆయన గొంతు ఎంత పెద్దదైందంటే, ఆయన ఇంట్లో ఉప్పు అడిగితే మా ఇంట్లో అందించబోయేవాళ్లం. పిల్లలు ఆయనకు మైకు మాస్టారని పేరు పెట్టారు.

ఒక ఉదయం ఆ మైకు ఆగిపోయింది. స్నానానికి వెళ్లిన మనిషి గోడ పట్టుకుని జారిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట కూడా పోయాయి. రెండు నెలలకు కర్ర సాయంతో నాలుగడుగులు వేయగలిగాడు కానీ మాట మాత్రం రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేది అంతా అర్థమయ్యేది. తను అనాలనుకున్నది నాలుక చివరిదాకా వచ్చి ఇంకో మాటై బయటపడేది. మంచినీళ్లు కావాలంటే "తలుపు" అనేవాడు. తలుపు వేసొస్తే మండిపడేవాడు. చివరికి నోరు తెరవడమే మానేశాడు.

మెట్లెక్కలేడు గనక షెడ్డునే ఆయనకు గది చేయాలని వదిన నిశ్చయించింది. వదిన, అంటే మాస్టారి భార్య, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. షెడ్డు నిండా ఒక మోటారుసైకిలు ఉంది. ఒక మోటారుసైకిలు గది నిండా ఎలా ఉంటుందంటే, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అది దూరప్రయాణాల కోసం చేసిన పాత పెద్ద బండి. రెండు సిలిండర్లు చెరో పక్కకీ మోచేతుల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. ముందు గాలి తగలకుండా అద్దం, వెనక రెండువైపులా సామాన్ల పెట్టెలు. ఒకప్పుడు సెలవులొస్తే ఆలుమగలిద్దరూ దానిమీదే ఊళ్లు తిరిగేవారు. తర్వాత ఇంజన్లో ఏదో చప్పుడు వస్తోందని మాస్టారు మొత్తం విప్పేశాడు. నట్టు నట్టునా తుడిచి డబ్బాల్లో సర్దాడు. "తీరిగ్గా బిగిస్తా" అన్నాడు. ఆ తీరిక ఆరేళ్లయినా రాలేదు. వదిన ఆ బండిని "నా సవతి" అనేది.

"నిజం సవతైతే కనీసం అంట్లైనా తోమేది. ఇది చోటు తినడం తప్ప ఏ పనీ చెయ్యదు" అనేది.

పాత ఇనుము కొనే మనిషి వచ్చిన రోజున టైలరక్క కూడా సర్దడానికి వచ్చింది. మాస్టారు మూల కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇనుము మనిషి ఒక డబ్బా తీసి గోనెసంచిలో బోర్లించబోయాడు.

"కార్బొరేటర్!"

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. నాలుగు నెలల్లో ఆయన నోటినుంచి వంకర పోకుండా వచ్చిన మొదటి మాట అది. టైలరక్క ఇంకో డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టింది.

"ఇదేంటన్నయ్యా?"

ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. "క్లచ్చి... ప్లేట్లు."

"మరిది?"

"పా... పాయింట్లు."

చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయిన వదిన "నా పేరడుగు" అంది. మాస్టారు ఆమెవంక చూశాడు. నుదుటి మీద చెమట పట్టేదాకా ఆలోచించి, "స్పీడో... మీటరు" అన్నాడు.

వదినకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "పెళ్లైన దగ్గర్నుంచీ నెమ్మదిగా పొండి, నెమ్మదిగా పొండి అని వీపు వెనక నుంచి పోరుపెట్టాను కదా. తగిన పేరే!" అంది.

ఇనుము మనిషి ఖాళీ సంచితో వెళ్లిపోయాడు.

"వదినా, దీన్ని నేను బిగిస్తాను" అంది టైలరక్క.

"నువ్వా? గౌన్లు కుట్టుకునేదానివి!"

"అదీ ముక్కలు కలిపే పనేగా."

"ముక్క తప్పు కలిపితే గౌను మనిషి మెడ విరగ్గొట్టదమ్మా."

"చేతులు నావి, బుర్ర అన్నయ్యది. ఆయన చెబితేనే ముట్టుకుంటా. ఆయన చెప్పడం కోసమే కదా ఇదంతా."

వదిన ఒప్పుకుంది. ఆడపడుచు దగ్గర సుద్దముక్క లాక్కుని నేలకు అడ్డంగా గీత గీసింది. "ఇటు సగం మంచానికి, అటు సగం సవతికి. గీత దాటి ఒక్క నూనె చుక్క పడిందా, అన్నాచెల్లెళ్లిద్దరూ బండితో సహా వీధిలో ఉంటారు" అంది.

అలా మొదలైంది. టైలరక్క రోజూ పొద్దున్నే దుకాణం తెరవకముందు రెండు గంటలు వచ్చేది. డబ్బాలు నలభై పైచిలుకు. వాటిమీద మాస్టారి పొడి అక్షరాలు ఆయనకు తప్ప దేవుడికి కూడా అర్థంకావు. ఆమె ఒక్కో వస్తువూ చేతికిచ్చేది, ఆయన పేరు చెప్పేవాడు, ఆమె గుడ్డపీలిక మీద రాసి కట్టేది. సగం మాట దగ్గర ఆయన తడబడగానే మిగతా సగం తనే అనేసేది. ఆయనకు వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి అది చూసి మందలించింది.

"మీరు అందించకండి. సూదిలో దారం ఎక్కేదాకా ఓపిగ్గా చూస్తారా లేదా? అలాగే చూడండి."

బండి పని మొత్తంలో అన్నిటికంటే కష్టమైంది అదేనని టైలరక్క నాతో ఎన్నోసార్లు అంది. పెట్రోలు ట్యాంకులో పేరుకున్న తుప్పును వెనిగర్ పోసి, గుప్పెడు పాత నట్లు వేసి ఆడించి వదిలించడం సులువే. ఎలుకలు కొరికిన వైర్లను నేలమీద పరిచి, తెగినవి అతికి, టేపు చుట్టి కట్టడం ఇంకా సులువు. అన్న నోరు తెరిచి వెతుక్కుంటుంటే తను నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం గండమే.

మూడో నెలలో ఎదురుదెబ్బ తగిలింది. ఇంజన్ ముందు, సైలెన్సర్ గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టు తుప్పుతో బిగుసుకుపోయింది. టైలరక్క పానా వేసి అన్నవైపు చూసింది.

"బిగించు" అన్నాడాయన.

విప్పాల్సింది బిగించమంటాడేమిటని ఆమెకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, ముందు కాస్త బిగిస్తేనే తుప్పు వదులుతుందేమో అనుకుంది. ఒళ్లంతా బరువు వేసి తిప్పింది. టప్పుమని బోల్టు తల ఊడి చేతికొచ్చింది. మొండెం ఇంజన్లోనే ఉండిపోయింది.

మాస్టారు అనాలనుకున్నది "విప్పు". ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది. ఎడమచేత్తో నుదురు కొట్టుకున్నాడు. అందిన పానా తీసి గోడకేసి విసిరాడు. తర్వాత మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదకొండు రోజులు ఒక్క మాట లేదు, కార్బొరేటర్ అని కూడా లేదు.

"నిన్ను అనేదేముంది, నీ మాట నమ్మి ఆశపడ్డాను చూడు, బుద్ధి తక్కువ నాది" అంది వదిన ఆడపడుచుతో. తిట్టినా బావుండేదని టైలరక్క నాతో అంది.

నా గుడ్డ పాడైంది ఆ వారంలోనే. కొత్త జాకెట్టు ఇంటికి తెచ్చుకుని వేసుకోబోతే కుడిచెయ్యి ఎక్కలేదు. చూస్తే రెండు చేతులూ ఎడమవే! నాకు నవ్వాగలేదు. తిరిగి పట్టుకెళ్లి చూపించాను. ఆమె నవ్వలేదు. రెండు చేతుల్నీ బల్లమీద పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది.

"మనసు ఎక్కడో పెట్టుకుని, ఇది ఎడమ, ఇది కుడి అని నోటితో అనుకుంటూ కోసేశాను. గాటు పెట్టుకోలేదు" అంది.

దర్జీలు గుడ్డ కోసేటప్పుడు అంచున చిన్న గాటు పెట్టుకుంటారట. ఏది ముందు, ఏది వెనక, ఏది ఎటు అనేది ఆ గాటే చెబుతుంది గానీ నోటి లెక్క పనికిరాదట. ఆమె లేచి దుకాణం తలుపు వేసేసి, గుడ్డలు కొలిచే చెక్క స్కేలు పట్టుకుని అన్నగారింటికి వెళ్లింది. నా జాకెట్టు అక్కడే ఉండిపోయింది.

"అన్నయ్యా, ఇటు తిరుగు" అంది మంచం దగ్గర నిలబడి. "తప్పు నీ మాటది కాదు. గాటు లేకుండా కోసింది నేను. ఇకనుంచి నీ నోరు ఏమన్నా సరే, ముందు ఈ స్కేలుతో ఏది అనేది చూపించు, ఎటు తిప్పాలో చేత్తో తిప్పి చూపించు. చెయ్యీ మాటా కలిస్తేనే నేను పానా వేస్తా. కలవకపోతే చేతిమాటే చెల్లుతుంది."

ఆయన తిరగలేదు. ఆమె కూర్చుంది. వదిన టీ తెచ్చి ఇచ్చింది, గ్లాసులు తీసుకెళ్లింది. గంట దాటాక మంచం కిర్రుమంది. ఎడమచెయ్యి వెనక్కి వచ్చి స్కేలు అందుకుంది.

విరిగిన బోల్టు తీయడానికి లేతు మెషీన్ షాపాయన వచ్చాడు. ఆయన మాస్టారి పాత విద్యార్థే. ఏం మాట్లాడాలో తెలియక ఇన్నాళ్లూ చూడటానికే రాలేదట. ఆ మొండేనికి ఒక నట్టు వెల్డింగ్ పెట్టి, వేడిమీద నెమ్మదిగా తిప్పి బయటికి లాగాడు. చూస్తున్న మాస్టారు "తొం... తొంభై" అన్నాడు. లేతాయన కళ్లు తుడుచుకున్నాడు. "చదువుకునే రోజుల్లో నాకు నలభై దాటి మార్కులు వేసిన పాపాన పోలేదు మాస్టారు" అన్నాడు.

ఆపైన పని సాగింది. బ్రేకుల్లో రబ్బర్లు, కొత్త టైర్లు, బ్యాటరీ పడ్డాయి. కార్బొరేటర్లో పల్చటి రబ్బరు పొర ఒకటి ఉంటుంది. చూడటానికి బాగానే ఉందని లేతాయన అన్నాడు. టైలరక్క దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, సూదిమొన అంత చిల్లు చూపించింది. అలాంటి పొర దొరకడానికే ఏడు వారాలు పట్టింది.

పదమూడో నెలలో, ఒక ఆదివారం పొద్దున స్టార్టు బటన్ నొక్కారు. మూడుసార్లు దగ్గి, నాలుగోసారి బండి అందుకుంది. కానీ కుంటుతోంది. మాస్టారు తల వంచి విన్నాడు. "ఎడమ" అంటూ స్కేలుతో కుడివైపు చూపించాడు. టైలరక్క వేలు తడిచేసి రెండు గొట్టాలకూ అలా తాకించి చూసింది. ఎడమది చుయ్యిమంది, కుడిది చల్లగా ఉంది. కుడి కార్బొరేటర్ విప్పితే సన్న రంధ్రంలో ఒక నూలుపోగు చిక్కుకుని ఉంది. నీలంరంగు పోగు, ఆమె బట్టలమీదిదే.

మాస్టారు ఆ పోగువైపు, చెల్లెలివైపు చూశాడు. "టైలరు... పని" అన్నాడు. జబ్బు చేశాక ఆయన ఆడిన మొదటి హాస్యం అది.

మళ్లీ నొక్కేసరికి రెండువైపులా కలిసి పలికింది. కిటికీ రెక్కలు అదిరాయి. వదిన తడిచేతులతో మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి, "అమ్మో, సవతికి గొంతొచ్చింది!" అంది. మాస్టారి ఎడమచెయ్యి ట్యాంకు మీద ఆనించి ఉంది. ఇంజన్ ఆపనివ్వలేదాయన.

నడిపేదెవరన్నది తర్వాతి ప్రశ్న. టైలరక్క లేతాయన చిన్న బండి మీద నేర్చుకుంది. పెద్దదాన్ని ఒకసారి పడేసింది, రెండుసార్లు గోడకు ఆనించింది. పరీక్షకు వెళితే అధికారి "మీ అబ్బాయి ఎక్కడమ్మా?" అని అడిగాడట. "అబ్బాయి లేడు, బండి ఉంది" అందట. యాభై నాలుగేళ్లకు లైసెన్సు వచ్చింది.

అంతా అయ్యాక మాస్టారు ఎక్కనన్నాడు. "వద్దు" అన్నాడు, ఏ తడబాటూ లేకుండా. పట్టుకోలేని చెయ్యి, నిలవని కాలు. తనతోపాటు చెల్లెల్ని కూడా పడేస్తానని భయం. ఎవరూ బలవంతపెట్టలేదు. వదిన మాత్రం "అయితే నేనెళ్తా" అని వెనక ఎక్కి కూర్చుంది. ఇద్దరూ పొలిమేర దాకా వెళ్లొచ్చారు. దిగి, చెదిరిన జుట్టు సరిచేసుకుంటూ మొగుడితో అంది: "మీరేం భయపడక్కర్లేదు. మీ చెల్లెలు సైకిలుకు కూడా దారిస్తుంది."

ఆ తర్వాత టైలరక్క వెనక సీటుకు వీపు ఆనేలా మెత్తటి దిండు కుట్టింది. తన నడుముకు కట్టుకునే వెడల్పాటి పటకా కుట్టి, ఆయన ఎడమచేతికి అందేచోట పిడి పెట్టింది. కుడికాలు జారకుండా, వెనక కాలు ఆనించే కడ్డీ దగ్గర తోలు గూడు చేసింది. వ్యాయామం అమ్మాయి పక్కనుండి బడి మైదానంలో చుట్లు తిప్పించింది, మొదటి రోజు ఒకటి, వారం తిరిగేసరికి పది. అప్పుడు రోడ్డెక్కారు.

మొన్న వానలు మొదలైన రోజున నలభై కిలోమీటర్లు వెళ్లారు. తిరిగొస్తుంటే జల్లు పట్టుకుంది. పెట్రోలు బంకు కప్పు కింద ఆగారు. అక్కడ ఒక లారీ డ్రైవరు బండి చుట్టూ తిరిగి చూసి, "ఎప్పటిదండీ ఇది? ఎవరు చేశారు?" అని మాస్టార్ని అడిగాడు. టైలరక్క జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. మూసుకుంది. గాలి కొట్టే మిషను దాకా నడిచి, అక్కడ నిలబడి టైర్ల బోర్డు చదవసాగింది.

"విప్పింది... నేను" అంటున్నాడు మాస్టారు. "బిగిం... బిగించింది... చెల్లెలు."

డ్రైవరు తొందరపెట్టలేదు. కార్బొరేటర్ల గురించి అడిగాడు. గేర్ల గురించి అడిగాడు. మాస్టారు ఎడమచెయ్యి గాల్లో తిప్పుతూ, మాట దొరక్కపోతే ఆగి వెతుక్కుంటూ చెబుతూనే ఉన్నాడు. మధ్యలో గొంతు కాస్త పెరిగింది కూడా. పెట్రోలు పోసే అమ్మాయి తిరిగి చూసింది.

వాన ఆగి చాలాసేపైంది. ఆ సంగతి టైలరక్క వాళ్లకు చెప్పలేదు.