కత్తెరమ్మ నడుము

“పిల్ల చంకలో ఉండగా ఆవిడ కాళ్లు చచ్చుబడిపోతే?”

కోడలు భర్తను అడిగింది. అతను వాళ్లమ్మ స్కాన్ రిపోర్టును అటూ ఇటూ తిప్పుతున్నాడు. వెన్నుపూసల మధ్య డిస్కులు అరిగాయని, రెండు చోట్ల ఉబ్బాయని, ఒకచోట నరానికి తగులుతోందని అందులో ఉంది. అతనికి సగం బోధపడలేదు. ఆమెకు మాత్రం అంతా బోధపడినట్టే అనిపించింది. రసాయనశాస్త్రంలో పట్టా ఉంది, చేతిలో ఫోను ఉంది, పాకే కూతురుంది. భయపడటానికి ఇంకేం కావాలి?

అత్తగారు స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. గుడ్డను పొరలు పొరలుగా పరిచి, సుద్దతో గీసి, చకచకా కోసిపారేస్తుంది. చేతిలో కత్తెరకూ నోటికీ ఒకటే పదును కనుక అక్కడ అందరికీ ఆమె కత్తెరమ్మ. కొన్నాళ్లుగా నడుంనొప్పి తొడ దాకా లాగుతోంది. కొడుకు పోరు పడలేక స్కాన్ తీయించుకుంది.

తీయించుకున్న పాపానికి మంచం ఎక్కించారు. పిల్లను ఎత్తుకోనివ్వలేదు. లేచి కూర్చుంటే చాలు, కోడలు పరుగెత్తుకొచ్చేది. నొప్పి తగ్గలేదు సరికదా, పొద్దున్నే నడుము కొయ్యబారిపోయేది. “చూశారా, ముదురుతోంది” అని కోడలు కట్టడి ఇంకా బిగించింది.

అంతలో కార్ఖానా యజమాని ఫోన్ చేశాడు. “మాస్టరమ్మా, మీ బల్ల దగ్గర వేరే ఆయన్ని పెట్టాను. మీరిక రారని కోడలుగారు రిపోర్టు ఫొటో పంపారు కదా.”

ఆమె మంచం దిగిన తీరుకు పిల్ల ఏడుపు ఆపేసింది.

“నా పని మాన్పించడానికి నువ్వెవరమ్మాయ్?”

“మీ మంచికే అత్తయ్యా. రిపోర్టులో...”

“నొప్పి రిపోర్టుకా, నాకా? నన్నొక్క మాట అడిగావా? బీరువా జరిపేటప్పుడైనా ఎటు పెడదామని అడుగుతారే!”

“నాకు భయమేసింది.”

“భయం నీకేస్తే పడుకోవాల్సింది నేనా?”

ఆ కోపంతోనే కోడల్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన మొదట అత్తగారిని మడమల మీద, మునివేళ్ల మీద నడిపించాడు. పడుకోబెట్టి కాలెత్తి చూశాడు. రిపోర్టు ఆ తర్వాతే చదివాడు.

“కాళ్లలో బలం బాగుంది. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి. మీకవేమీ లేవు. ఈ వయసులో నొప్పి లేనివాళ్లకు స్కాన్ తీసినా చాలామందికి ఇలాంటి అరుగుదల కనిపిస్తుంది, జుట్టు నెరిసినట్టు. నరం నొప్పి చాలావరకు నెమ్మదిగా సర్దుకుంటుంది. పడుకునే ఉంటే బిగుసుకుపోతారు. నడవండి, పని కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.”

కత్తెరమ్మ కోపం ఆయన మీదకు మళ్లింది. “ఆ ముక్క రిపోర్టులో రాస్తే మీ సొమ్మేం పోయింది? అరిగింది, ఉబ్బింది అని రాసి పంపితే ఇళ్లల్లో ఏమవుతుందో తెలుసా మీకు?”

“రాయాల్సిందేనమ్మా.”

“అయితే ఇప్పుడే రాయండి. ఈ అమ్మాయికి కాగితం మీద ఉంటే తప్ప నమ్మకం కుదరదు.”

అటునుంచటే కార్ఖానాకు. యజమాని నసిగాడు. కొత్తాయన్ని తీసేయలేనన్నాడు. “కోడలు చెబితే తీసేశావు. ఇప్పుడు నేను చెబుతున్నా, పెట్టుకో” అంది. చివరికి రోజుకు ఒక పూట పనికి ఒప్పుకున్నాడు. వంగకుండా కోసేందుకు బల్ల ఎత్తు పెంచాడు. పోయిన రెండో పూట మాత్రం తిరిగి రాలేదు. దాన్ని ఆమె మరిచిపోలేదు, కోడల్ని మరిచిపోనివ్వనూ లేదు.

నొప్పి పూర్తిగా పోలేదు, వస్తూ పోతూనే ఉంది. ఒక సాయంత్రం నడక నుంచి వచ్చి కూర్చుని చేతులు చాచింది. “ఇటివ్వు పిల్లని.” కోడలు ఒక్క క్షణం తటపటాయించి ఇచ్చింది.

“భయపడొద్దనను. నీ వల్ల కాదు. కానీ ఎవరి గురించి భయమో ముందు వాళ్లనడుగు. ఆ తర్వాతే ఫోను.”

“మాటలు రాని పిల్లనెలా అడగను అత్తయ్యా?”

“పక్కన కూర్చుని చూడు. పాలు తాగుతోందా, ఆడుతోందా, కళ్లెలా ఉన్నాయి, అన్నీ అదే చెబుతుంది.”

ఇప్పుడు పిల్ల ఒళ్లు వెచ్చబడితే కోడలికి ఎప్పటిలాగే భయమేస్తుంది. అయినా ఫోను అలమరలోనే వదిలేసి, ముందు పిల్ల పక్కన నేలమీద కూర్చుంటోంది.