కంపెనీ తరఫున బోనెక్కిన వాచ్‌మన్

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జూన్‌లో, నన్ను నారాయణఖేడ్ మేజిస్ట్రేటు కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే ఉద్యోగం. నా చేతిలో వాదనల కంటే వాయిదాలే బాగా సాగేవి.

ఆ ఏడు ఒక పురుగుమందు కేసు వచ్చింది. కల్హేర్ దుకాణంలో తీసిన నమూనా ల్యాబులో నాసిరకమని తేలింది. మొదటి నిందితుడు మందు తయారుచేసిన కంపెనీ, రెండో నిందితుడు దాని మేనేజరు. కంపెనీకి ఒళ్లు లేదు కనుక జైలు కుదరదు, జరిమానాయే. బోనులో నిలబడడానికి లేఖ ఇచ్చి ఒక ప్రతినిధిని పంపుతుంది. అతను చెప్పింది కంపెనీ చెప్పినట్టే.

అటెండర్ కంపెనీ పేరు మూడుసార్లు పిలిచాడు. సంచి పట్టుకుని బస్వరాజు వచ్చాడు. కంపెనీ గోదాము వాచ్‌మన్.

"సంచేందిరా, సుట్టాలింటికి పోతున్నవా?" అన్నాడు అటెండర్.

"జైలుకు పోతున్న గదన్నా. రెండు జతల బట్టలు, దుప్పటి."

పొద్దున అతని లేఖ మీద ముద్ర, సంతకం చూసి సరే అన్నది నేనే. తెచ్చిన మనిషిని చూడలేదు.

మేజిస్ట్రేటు అభియోగం చదివి, నేరం ఒప్పుకుంటావా అని అడిగారు.

"ఒప్పుకుంట సార్. ఎన్ని దినాలు పడ్తదో జల్దీ చెప్పుండ్రి. ఒప్పుకోకుంటే నౌకరి ఉండదన్నడు మేనేజర్."

నోరు తెరవకుండా కేసు గెలిచే అవకాశం. నా వాగ్ధాటికి తగిన పద్ధతి కూడా. అయినా లేచాను. నిందితుడిని తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని రాజ్యాంగం ఇరవయ్యో అధికరణ అంటుంది. ఇది కంపెనీ ఒప్పుకోలు కాదు, వాచ్‌మన్ భయం; నమోదు చేయవద్దని కోరాను. మేజిస్ట్రేటు అంగీకరించి, బాధ్యత గల అధికారిని పంపమని ఆదేశించారు.

వరండాలో బస్వరాజుకు చెప్పాను, జైలు నీకు రాదు, కంపెనీకీ రాదు అని.

"మరి ఎవలకొస్తది సార్?"

"మేనేజరుకు రావచ్చు."

"గట్లైతే నా నౌకరి పోయినట్టే."

పోయింది కూడా. మరుసటి ఏడాది సాక్ష్యాల మీదే కంపెనీకి జరిమానా, మేనేజరుకు ఆర్నెల్ల జైలు పడ్డాయి. బస్వరాజు ఉద్యోగం గురించి ఆ తీర్పులో ఏమీ లేదు. ఉండే వీలూ లేదు.

మిగిలిన సర్వీసులో ఎవరు ప్రతినిధిగా వచ్చినా ముద్ర చూడక ముందే, ఈ కేసేమిటో నీ మాటల్లో చెప్పమని అడిగాను. చెప్పలేకపోతే ఆ సంగతి మేజిస్ట్రేటుకు ముందే విన్నవించాను.