పెదనాన్న కెమెరాలో అమ్మ వీపు

పోయిన ఆదివారం సర్జాపుర రోడ్డులో ఉన్న మా తమ్ముడి ఫ్లాటుకు వెళ్ళి, పకోడీలు తిని, ఒళ్ళంతా రోత నింపుకుని తిరిగొచ్చాను. తమ్ముడంటే మా పెదనాన్న కొడుకు. కాటన్‌పేటలోని మా పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు అటక మీద దొరికిన పాత సినిమా రీళ్ళను ఎవరి చేతనో కంప్యూటరులోకి ఎక్కించి, అందరం కలిసి టీవీలో చూద్దాం రమ్మన్నాడు. రీళ్ళున్న రేకు డబ్బా మూత తియ్యగానే వెనిగరు కంపు గుప్పుమంది. పాత ఫిల్ము చెడిపోతే అలాగే పులిసిన వాసన వేస్తుందట. డబ్బాను బాల్కనీలో పెట్టించాను గానీ ఆ పులుపు సాయంత్రం దాకా నా గొంతు వదల్లేదు.

ఆ సినిమాలు తీసింది మా పెదనాన్న. అగరువత్తుల హోల్‌సేలు వ్యాపారం చేసుకునే మనిషి చేతికి ఎవరో సింగపూరు వర్తకుడు కెమెరా అంటగట్టి పోయాడు. అది వచ్చిన నాటి నుంచి ఆయన ఏ ఊరినీ తిన్నగా తన కళ్ళతో చూసి ఎరుగడు. బేలూరు గుడిని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, గోడకు సున్నం కొట్టినట్టు తీశాడు. జోగ్ జలపాతంలో నీళ్ళకన్నా ఆయన బొటనవేలే ఎక్కువ కనిపిస్తుంది. ఇక మా పెద్దమ్మ ప్రతి ఊళ్ళోనూ కెమెరాకు ఎదురుగా నిలబడి, మొక్కజొన్న కంకో జామకాయో కొరుకుతూ, మనకేసి చూసి ఏదో చెబుతూనే ఉంటుంది. శబ్దం లేని సినిమాలు కావడం ఆ ఒక్క విషయంలో మేలయింది.

నేను వెళ్ళింది గుళ్ళూ గోపురాలూ చూడటానికి కాదు. నాకు అయిదేళ్ళు నిండకముందే అమ్మ పోయింది. ఆమె ముఖం నాకు పెళ్ళి ఫోటోలోనే తెలుసు. అందులో పెదవులు బిగించి, ఎవరో కసిరితే నిలబడినట్టు ఉంటుంది. ఆమె ఎలా నవ్వేదో, మాట్లాడేటప్పుడు కళ్ళు ఎలా తిప్పేదో నాకు తెలియదు. ఆమె కదులుతూ కనిపించేది లోకం మొత్తం మీద ఈ రీళ్ళలోనే. అందుకే తమ్ముడి పిల్లలను పక్కకు జరిపి టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకున్నాను.

కనిపించింది. వీపు కనిపించింది. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు. కెమెరా వెనకాల ఉన్నది బావగారి కన్ను కాబట్టి, మా అమ్మ లెక్కలో కెమెరా కూడా బావగారే. అది తనవైపు తిరగ్గానే కొంగు లాక్కుని అటు తిరిగేది. పెదనాన్న మాత్రం తక్కువ మర్యాదస్థుడా! మరదలు కంటపడగానే కెమెరాను దిగ్గున ఆకాశానికి ఎత్తేసేవాడు. బేలూరులో ఒక వీపు, నంది కొండ మీద ఒక వీపు, జోగ్‌లో అర వీపు, మిగతాదంతా మబ్బులు. టీవీ చూస్తున్న మా తమ్ముడి భార్య బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆ కాలంలో ఎంత మర్యాద వదినా అని తెగ ముచ్చటపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నంది కొండ మీద కోతులకు కూడా ముఖం చూపించుకునే యోగం పట్టింది. ఆ మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యమే.

ఆఖరున యలహంక వచ్చింది. ఇప్పుడు సిటీలో కలిసిపోయింది గానీ అప్పట్లో అది వేరే ఊరు. కన్నడ రాష్ట్రం పుట్టినరోజు పండగ, రాజ్యోత్సవం ఊరేగింపు. బ్యాండువాళ్ళు బుగ్గలు పగిలేలా ఊదుతున్నారు గానీ చప్పుడు లేదు. ఎద్దులబండి మీద భువనేశ్వరి తల్లి పటం ఊగుతూ పోతోంది. దాన్ని చూస్తున్న జనంలో అమ్మ వీపు. చంకలో నేను. నా ముఖం ఆమె భుజం మీదుగా కెమెరాకేసి ఉంది. ఇంతలో అమ్మ నాతో ఏదో అన్నట్టుంది. నేను గిరుక్కున ఆమె వైపు తిరిగి, బుగ్గ మీద చెయ్యి వేసి, ఒళ్ళంతా కదిలేలా నవ్వాను. అంతలోకే పెదనాన్నకు ఏనుగు కనిపించింది.

మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాను. తమ్ముడికి నా మీద జాలి కలిగింది, మంచివాడే పాపం.

"ఎందుకక్కా అన్నిసార్లు? చిన్నమ్మ పెండ్లి ఫోటో ఉండాది గదా. ఏఐకి ఇస్తే ఈ పక్కకి తిప్పేస్తాది" అన్నాడు.

వద్దనేలోగా ఫోనులో ఏదో నొక్కేశాడు. కాసేపటికి టీవీలో అమ్మ వీపు ఇటు తిరిగింది. ఒక నున్నటి ఆడమనిషి, సబ్బుల ప్రకటనలో లాగా, వరసగా పేర్చిన తెల్లటి పళ్ళతో నన్ను చూసి నవ్వింది. ఫోటోలో అమ్మ నోరు విప్పలేదు. ఆమె పలువరస కడుపున పుట్టిన నాకే తెలియదు, ఆ యంత్రానికి ఎవరు చెప్పారు? అచ్చం చిన్నత్తే అని తమ్ముడి భార్య కళ్ళు తుడుచుకుంది. ఆమె కాపురానికి వచ్చేనాటికి అమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

"తీసెయ్యప్పా. అది ఎవరో" అన్నాను.

"మొగం ఉంటే బాగుండునని చేస్తినక్కా" అన్నాడు చిన్నబుచ్చుకుని. తీసేశాడు. పాతదే ఇంకోసారి వెయ్యమన్నాను.

అమ్మ వీపు వచ్చింది. నేను అటు తిరిగి నవ్వాను. అంత జనంలో ఆ క్షణాన అమ్మ ముఖంలోకి చూస్తున్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ పళ్ళు చూసింది, ఆ మాట వింది. కుర్చీ అంచున కూర్చుని ఆ పిల్ల ముఖాన్నే వెతికాను, ఏమైనా చెబుతుందేమోనని. కాలం నాకు అమ్మను చూపించలేదని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. చూపించింది, చెయ్యి వేస్తే తగిలేంత దగ్గరగా, గుర్తుపెట్టుకునే వయసు నాకు ఇంకా రాకముందే.