చొక్కాల గౌన్లు

మొన్న విజయనగరంలో రోడ్డు పక్క పాతబట్టల కుప్పలోంచి మగవాళ్ళ చొక్కా ఒకటి ఏరి తెచ్చుకుని, కుర్తీగా మార్చుకుందామని కాలరు కుట్లు విప్పుతుంటే, ఇదెవరు తొడుక్కున్నదో కదా అనిపించింది. ఆ వెంటనే చిన్నప్పుడు సాలూరులో మా అత్త కుట్టిన క్రిస్మస్ గౌన్లు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చర్చిలో పాడే ఆడపిల్లలకి ఒకేలాంటి బట్టలుండాలని పెద్దవాళ్ళకి ఒక ముచ్చట, మీకూ తెలిసే ఉంటుంది. ఆ ఏడు కొత్తగుడ్డ కుదరక, అత్త సంఘంలోని మగవాళ్ళ పాతచొక్కాలన్నీ అడిగి తెచ్చింది. మెడ దగ్గర పీలికలైనా వీపు గట్టిగానే ఉంటుంది గనక వీపులన్నీ కుచ్చులకీ, చేతులు బుట్టచేతులకీ వాడి, గుండీల పట్టీ వెనక్కి తిప్పింది. తాతయ్య పంచె చింపి అన్నిటికీ తెల్లకాలరు వేసేస్తే ఒకే జట్టులా కనిపిస్తామని ఆవిడ ధీమా.

నా వంతుకి లారీ నడిపే మావయ్యది, అత్త మొగుడిది, ఎర్రగళ్ళ చొక్కా వచ్చింది. నలుగురిలో పేరడిగితే చెప్పలేని పిల్లని, ఏ మాటైనా రాసుకోవడమే తప్ప పైకి అనలేనిదాన్ని, పైగా పల్లవి నేనొక్కదాన్నే ఎత్తుకోవాలి. బూడిదరంగుది ఇమ్మని బతిమాలితే, "ముందు నిల్సునేదానికి ఎలిసిపోయిన గుడ్డేస్తానేటే" అని అత్త కసిరింది.

పండగనాడు మేము వరసలో నిలబడగానే, ఎవరి చొక్కా ఏ పిల్ల మీదుందోనని మగవాళ్ళ వైపు వెతుకులాట మొదలైంది. హార్మోనియం రెండుసార్లు అందుకున్నా నా గొంతు పెగల్లేదు. అప్పుడు మావయ్య, మెల్లగానే అన్నాననుకున్నాడు గానీ ఇంజను మోతకి అలవాటుపడ్డ గొంతు కదా, పక్కాయనతో, "అదిగో నా సొక్కా. ఘాటీరోడ్డంతా ఎక్కినాది, ఈ పాట కాడ ఆగిపోతాదేటి" అన్నాడు.

"కొత్త బాడీ కట్టినారు కదా బావా, స్టార్టవడానికి టైం పడతాది" అన్నాడాయన.

చర్చంతా నవ్వింది. ఆపుకోబోయి నేనూ నవ్వేశాను, ఆ నవ్వు వెనకే పల్లవి కూడా బయటికొచ్చేసింది. చరణం అందుకునేసరికి చొక్కాలిచ్చిన మగవాళ్ళందరూ, తమది బాగా కనబడాలని, ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

ఇప్పుడు పాడే పిల్లలకి ఫోన్లో చూసి ఒకే రంగు గౌన్లు తెప్పిస్తున్నారు. కొలతలు చక్కగా కుదురుతున్నాయి, కళ్ళకి నిండుగా ఉంటున్నారు. మగవాళ్ళు కుదురుగా కూర్చునే వింటున్నారు. మెడ సాచి వెతుక్కోవడానికి ఆ వరసలో వాళ్ళదంటూ ఏమీ లేదు.