రెండో గుడ్డు

ఏడేళ్లుగా నేను ఒక ఉదాహరణను మోస్తున్నాను. ఉదాహరణకు బరువు ఉంటుందా? నాకు వాదన నేర్పిన అధ్యాపకులు ఆ ప్రశ్న ఎన్నడూ వేయలేదు. అది నిలబడుతుందా లేదా అని మాత్రమే అడిగేవారు. నాది నిలబడింది. దాని కింద ఒక మనిషి పడిపోయింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో సాయంత్రాలు జరిగే కుటుంబ ప్రార్థనలో, కళ్లు మూసుకుని ఎవరి తప్పులు వారు తలచుకునే నిమిషంలో కూడా, ఈ ఒక్కదాన్ని పక్కన పెట్టి మిగతావన్నీ తలచుకున్నాను.

చింతపల్లి కొండల్లో డిగ్రీ చదివాను. మాది నర్సీపట్నం వైపు. చింతపల్లిలోనే ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. వంటమనిషి పేరు చిలకమ్మ. ఆ కొండ ఊళ్లలోనే పుట్టి పెరిగింది. వండేదీ ఆమే, వడ్డించేదీ ఆమే. వరసలో నిలబడ్డ ప్రతి పిల్లనూ ఏదో ఒకటి పిలిచి గానీ పళ్లెంలో గరిటె వంచేది కాదు. "బేగి రా నా తల్లీ, సల్లారిపోతాది." "ఎండిపోయినావేటే బంగారం, మీ ఊర్లో కూడెట్టరేటి?" మనుషులనే కాదు, చలికాలం పొద్దున తడి కట్టెలు రాజుకోకపోతే పొయ్యిని కూడా బతిమాలేది: "అంటుకోవే, నా అమ్మ కదూ!" అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

రెండో సంవత్సరంలో కళాశాలలో వాదన పోటీ పెట్టారు. రోజువారీ మాటల్లో దొర్లే ముద్దుపిలుపులు మనుషుల మధ్య సమానత్వాన్ని చెరుపుతాయా అన్నది అంశం. చెరుపుతాయన్నది నా పక్షం. నమ్మే మాట్లాడాను. పేరున్న మనిషిని పేరుతో పిలవకుండా 'బంగారం' అనడంలో ఆ మనిషిని చిన్నపిల్లను చేసే గుణం ఉందని ఇప్పటికీ కొంత నమ్ముతాను. కానీ ఎదుటి పక్షం అమ్మాయి లేచి, "అందరినీ అదే మాటతో పిలిచే మనిషి ఎవరిని తక్కువ చేస్తున్నట్టు?" అని అడిగింది. హాలంతా చప్పట్లు. నాకు రెండు నిమిషాలు మిగిలాయి.

అప్పుడు ఒక ఉదాహరణ కల్పించాను.

"మన హాస్టల్లోనే చూడండి. పిలుపు అందరికీ ఒకటే. గుడ్డు పెట్టే రోజున మాత్రం, ఆ పిలుపుకు నవ్వి బదులు పలికిన వారికి రెండో గుడ్డు పడుతుంది. చివర నిలబడ్డ వారికి పులుసే మిగులుతుంది" అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. హాస్టల్లో వంటమనిషి ఒక్కరే. నేను గెలిచాను.

వార్డెన్ ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నానా, లేక గెలవాలన్న తొందరలో ఆమె అక్కడ ఉన్నారన్నది నా లెక్కలోకే రాలేదా? ఈ ప్రశ్న ఇప్పటికీ వేసుకుంటూనే ఉన్నాను.

మర్నాడు వార్డెన్ మా ఇద్దరినీ తన గదికి పిలిచారు. చిలకమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. విషయం విన్నాక వార్డెన్ వైపు కాకుండా నా వైపు చూసింది.

"నువ్వు సూసినావేటి తల్లీ, నేను రెండోది ఎయ్యడం?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. ఆ పొగలో, ఆ హడావిడిలో తానే ఎవరి పళ్లెంలోనైనా పొరపాటున వేసిందేమోనన్న అనుమానం ముఖంలో కనిపించింది. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"చూశాను" అన్నాను.

చిలకమ్మ తల ఊపింది. "అయితే ఎవులికో ఏసీసుంటాను మేడం. ఈ గుంట అబద్దం సెప్పదు."

ఆ రోజు నుంచి గరిటె ఆమె చేతిలో లేదు. సీనియర్ విద్యార్థినులు వడ్డించారు. ఆమె వెనక గిన్నెలు తోమేది. ఎవరినీ ఏమీ పిలవలేదు. పై నెలలో వేరే వంటమనిషి వచ్చింది. చిలకమ్మను రావద్దన్నారని తెలిసింది. నేను వరసలో నిలబడి పళ్లెం చాపాను. తిన్నాను. ఏడ్చానని రాస్తే మీరు నమ్ముతారు, కానీ ఏడవలేదు. నా వాదన సరైనదే కదా, ఉదాహరణ ఒకటి తప్పితేనేం అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత సులభమో ఇప్పటికీ వింతగా ఉంటుంది. అన్నం కూడా అందరికీ ఒకే గరిటెతో పడేది. అంతమాత్రాన ఆ అన్నానికి విలువ లేదని నేను ఏ వేదిక మీదా వాదించలేదు. పిలుపు విషయంలో ఎందుకు వాదించాను?

పోయిన చలికాలం జీపులో చింతపల్లి వెళ్లినప్పుడు సంతలో ఆమెను చూశాను. గోనెపట్టా పరిచి అల్లం అమ్ముతోంది. ఎదురుగా నిలబడ్డాను. నా ముఖాన్ని కాసేపు చూసింది.

"ఏటి కావాలండి?"

అల్లం అన్నాను. మట్టి దులిపి, తూచి ఇచ్చింది. చెప్పవలసిన వాక్యం జీపులో వస్తున్నప్పుడు కాదు, ఏడేళ్ల క్రితమే సిద్ధమైంది. నోరు తెరిచాను. ఇంతలో నా పక్క నుంచి స్కూలు బట్టల్లో ఉన్న ఒక పిల్ల ముందుకు వచ్చింది.

"నీకేటి కావాల నా తల్లీ? బేగి సెప్పు" అంది చిలకమ్మ.

నేను పక్కకు జరిగాను. జీపెక్కాను. అల్లం పొట్లం ఒడిలో ఉంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో కూడా నాకు తెలియదు. ఇది రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది, అంతే. ఆ గదిలో ఆమె అడిగిన ప్రశ్నకు నా జవాబు మాత్రం మార్చాలి.

లేదు చిలకమ్మా. నేను చూడలేదు.