బండి ఆపకండి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు భయం కాదు, ఒళ్ళు మంట. పదిమంది కూర్చున్నచోట ఎవరైనా "మా పిన్నిగారికి ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెడితే చాలు, పని ఉన్నట్టు లేచిపోతాను. తాడేపల్లిగూడెంలో హైస్కూల్ పిల్లలకి బయాలజీ చెప్పుకుంటున్నదాన్ని. అలాంటిదాన్ని నేనే కూర్చుని ఈ సంగతి రాయాల్సి రావడం నాకేమీ సంతోషంగా లేదు. మా ఆయన వద్దన్నారు కూడా. "నీ స్టూడెంట్స్ చదివితే ఏమనుకుంటారే?" అని. అనుకోనివ్వండి.

మా నాన్న పాము మంత్రం వేసేవారు. మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఒక పల్లెటూరు. వరిచేలూ చేపల చెరువులూ ఉన్నచోట పాములకి కొదవేముంటుంది? పూర్వం కరిచినవాళ్ళని మంచం మీద మోసుకొచ్చేవారట. సెల్‌ఫోన్లు వచ్చాక మంత్రం కూడా ఫోన్లోకి వచ్చేసింది. నవ్వకండి, మా వైపు ఇది మామూలే. అవతల ఎవరికో కరుస్తుంది, వాళ్ళు ఫోన్ చేస్తారు, ఈయన ఇక్కడ నిలబడి చదువుతారు. డబ్బు పుచ్చుకోకూడదు. కుదరదని అనకూడదు. మంత్రం ఇంకొకరి చెవిన పడకూడదు.

నా దగ్గరికి వచ్చేశాక కూడా, గ్రహణం వచ్చిందంటే ఆయన కాలవలో పీకల్లోతు నీళ్ళలో నిలబడి జపం చేసేవారు, మంత్రం బలం తగ్గకుండా. అదే టైములో నేను స్కూల్ గ్రౌండులో పిల్లల్ని వరసలో నిలబెట్టి, నల్ల కళ్ళద్దాల్లోంచి ఆ సూర్యుణ్ణే చూపిస్తూ ఉండేదాన్ని. ఇంటికొచ్చాక ఇద్దరం తలస్నానం చేసేవాళ్ళం. ఆయనది విడుపు స్నానం, నాది దుమ్ము వదిలించుకోవడానికి.

సరే, మా అమ్మ సంగతి చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక పొద్దున్న గడ్డిమేటు దగ్గర గడ్డి దూస్తుంటే అమ్మని కట్లపాము కరిచింది. పెద్దగా నొప్పి ఉండదు దానికి, చీమ కుట్టినట్టు ఉందంది. ఎవరో పరిగెత్తి ఆటో తెచ్చారు. నాన్న అమ్మని అరుగు మీద పడుకోబెట్టి మంత్రం మొదలుపెట్టారు. కాసేపటికి అమ్మ తేరుకున్నట్టే కనిపించింది. నాన్న ఆటోని పంపేశారు. ఆ తర్వాత అమ్మ కనురెప్పలు వాలిపోవడం మొదలైంది. ఇంకో బండి దొరికి, ఏలూరు ఆసుపత్రికని బయల్దేరి, కొల్లేరు మీదుగా వెళ్ళే రోడ్డు మధ్యలో ఉండగా అమ్మకి ఊపిరి ఆగిపోయింది. అటూ ఇటూ నీళ్ళు. ఆమె తల నా ఒళ్ళో ఉంది.

తర్వాత చదువుకుని అన్నీ తెలుసుకున్నాను. కరిచిన ప్రతి పామూ విషప్పాము కాదు. విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం దిగదు. అలా బతికిపోయినవాళ్ళంతా మంత్రం ఖాతాలో పడతారు, పోయినవాళ్ళని తలరాత అంటారు. మా అమ్మది తలరాత కాదు. ఆ ఇంజెక్షన్ వేళకి పడి ఉంటే ఆవిడ ఇవాళ నా ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడుతూ ఉండేది.

ఆశ్చర్యమేమిటంటే, నాన్న మంత్రం మానలేదు. మోకాళ్ళ నొప్పులొచ్చి, పొలం కౌలుకిచ్చేసి, గూడెంలో నా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు కూడా ఫోన్లు వస్తూనే ఉండేవి. ఎత్తగానే చిత్తం, చిత్తం అంటూ చెప్పులేసుకుని డాబా మీదికి వెళ్ళిపోయేవారు. నాకు కడుపు మండిపోయేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, ఇంకా ఎందుకు నాన్నా ఇదంతా అని.

"నమ్మకమూ ఉండాలమ్మా, వైద్యమూ ఉండాలి" అన్నారు.

"ఆ వేళ మన అరుగు మీద రెండోది ఏమైపోయింది?" అన్నాను.

ఆయన కండువా తీసుకుని డాబా మీదికి వెళ్ళిపోయారు.

నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటే. ఆ ఫోన్లలో ఆయన జనాన్ని ఆపుతున్నారా, ఆసుపత్రికి పంపుతున్నారా? అమ్మ పోవడం వల్ల ఆయనకి ఏమైనా తెలిసొచ్చిందా, లేదా? అడిగితే మంత్రం సంగతులు బయటికి చెప్పకూడదనేవారు. ఇక అమ్మ పోయిన ఆ పొద్దుట గురించైతే, ఇన్నేళ్ళలో నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

మొన్న వినాయక చవితికి ముందు, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాయన మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు డాక్టరు గారు. దహనం రోజునే ఆయన ఫోన్ మోగుతుంటే మా ఆయన స్విచ్ఛాఫ్ చేశారు. పెద్దకర్మ అయ్యాక దాన్ని, ఆయన కళ్ళజోడునీ, ఉతికిన కండువాల్నీ బీరువాలో పెట్టి నేనే తాళం వేశాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం పొద్దున్న గేటు చప్పుడైంది. నడివయసు మనిషి, పక్కన భార్య. ఆవిడ కాలికి కట్టు ఉంది. చేతిలో కొబ్బరికాయ, అరటిపళ్ళు.

"సైన్సు మేడమ్ గారి ఇల్లు ఇదేనాండీ? నా పేరు వీర్రాజండి, మాది ఆకివీడు దగ్గరండి. చేపల చెరువు మీద కాపలా ఉంటామండి. మీ నాన్నగారున్నారాండీ?" అన్నాడు.

లేరండీ, పోయారు అన్నాను.

ఇద్దరూ అక్కడే గేటు పట్టుకుని నిలబడిపోయారు. ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. "ఎంత పని జరిగిందండీ! మేం రావడం ఆలస్యం చేశామండి" అంది. ఎప్పుడు పోయారండీ, నిన్ననా మొన్ననా అని అతను అడిగాడు. వినాయక చవితికి ముందు అని చెప్పాను. అతను నా మొహంలోకి అదోలా చూశాడు.

"అదెలాగండీ? దసరా వెళ్ళాక కదండీ ఆయన నాతో మాట్లాడారు" అన్నాడు.

ముందు నాకు కోపమే వచ్చింది. ఎవరింటికి వెళ్ళబోయి ఎవరింటికి వచ్చారో అనుకున్నాను. నంబరు చూపించమన్నాను. అతని ఫోన్లో 'పాముమంత్రం గారు' అని ఉంది. ఎప్పుడో ఒక లారీ డ్రైవరు ఇస్తే అవసరానికి ఉంటుందని రాసి పెట్టుకున్నాడట. అది నాన్న నంబరే. అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదట. లోపలికి రమ్మని కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పమన్నాను.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం అతని భార్య మంగ చెరువుగట్టు మీద గడ్డి కోస్తుంటే పాము కరిచింది. భీమవరం ఆసుపత్రికని ఆటో ఎక్కారు. కొంత దూరం పోయాక మంగ తనకి బాగానే ఉందంటూ, దారిలో బడ్డీ దగ్గర ఆగి సోడా తాగింది. చేపలకి మేత వేసే వేళవుతోంది, వెనక్కి పోదామంది. ఎందుకైనా మంచిదని అతను ఈ నంబరుకి చేశాడు. రెండు రింగులకే ఎత్తారట. స్పీకర్ పెట్టాడు కాబట్టి మంగ కూడా విన్నది. పెద్దాయన గొంతు, మాట మాటకీ చిత్తం అంటున్నారట.

"మంత్రం నేను ఇక్కణ్ణుంచి చదువుతూనే ఉంటాను బాబూ, అది మీ బండెక్కి మీతోపాటే వస్తుంది, బండి మాత్రం ఆపకండి అన్నారండి" అన్నాడు వీర్రాజు. "మా ఆవిడ బాగానే ఉందండీ, లేచి కూర్చుందండీ అన్నానండి. అప్పుడు ఆయన గొంతు మారిపోయిందండి. మా ఆవిడ కూడా ఇలాగే లేచి కూర్చుంది బాబూ, పాలు పొంగిపోతున్నాయి దింపవే అని మా అమ్మాయిని కేకేసింది, అది చూసి, వచ్చిన బండిని పంపేశాను, మీరా పని చెయ్యకండి అన్నారండి."

నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాఫీకని పాలగిన్నె పొయ్యి మీద పెట్టాను.

ఆ పాలు దింపింది నేనే. అమ్మ మామూలుగా మాట్లాడిన ఆఖరి మాట అది. అప్పుడు అరుగు మీద అమ్మా నాన్నా, లోపల నేనూ తప్ప ఆ మాట వినడానికి ఎవరూ లేరు. మంత్రం చెవిన పడకూడదని ఆటో తెచ్చినవాళ్ళని కూడా నాన్న వీధి చివరే ఉండమన్నారు. మా ఆయనకి కూడా ఈ ముక్క నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే నాకు ఏడుపొస్తుంది, అందుకని.

వాళ్ళు భీమవరం వెళ్ళేసరికి మంగకి కనురెప్పలు వాలిపోతున్నాయట. ఇంజెక్షన్లు పడ్డాయి, ఊపిరికి మిషన్ కూడా పెట్టారట. ఇంకొంచెం ఆగి ఉంటే దక్కేది కాదన్నారట డాక్టర్లు. కాలి మీద పుండు మానేదాకా అక్కడే ఉండిపోయారు.

కాఫీ ఇచ్చాక మంగ నన్ను అడిగింది. "ఆయన తిన్నారాండీ?"

నాకు అర్థం కాలేదు.

"తగ్గిందని కబురు వచ్చేదాకా నేను ముద్ద ముట్టనమ్మా, మర్చిపోకుండా చెప్పండి, గూడెంలో మా అమ్మాయి సైన్సు టీచరు, దానికి చెప్పినా నాకు చెప్పినట్టే అన్నారండి. ఆసుపత్రి నుంచి ఎన్నిసార్లు చేసినా స్విచ్ఛాఫ్ అనే వస్తోందండి. ముసలాయన నా మూలంగా పస్తులున్నారేమోనని ఈయన్ని ఒకటే పోరు పెట్టానండి."

అది నిజంగా ఆయన పద్ధతే. ఫోన్ వచ్చిన రోజున నాకు ఆకలిగా లేదమ్మా అనేవారు. మళ్ళీ ఇంకో ఫోన్ వచ్చాక, రాత్రికి కంచం ముందు కూర్చునేవారు. నేను అజీర్తి అనుకునేదాన్ని. మాత్రలు కూడా తెచ్చిచ్చాను.

వాళ్ళు వెళ్ళాక బీరువా తీశాను. ఫోన్ పెట్టిన చోటే ఉంది. ఛార్జింగ్ పెట్టి ఆన్ చేశాను. సిమ్ పనిచేస్తోంది. అంటే ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేశారన్నది కుదరదు. స్విచ్ఛాఫ్‌లో ఉండగా చేసినవాళ్ళ మిస్డ్ కాల్ మెసేజ్‌లు టకటకా వచ్చి పడ్డాయి. వీర్రాజు ఆసుపత్రి నుంచి చేసినవన్నీ అందులో ఉన్నాయి. కరిచిన రోజున చేసినది లేదు. ఎత్తిన ఫోనుకి మిస్డ్ కాల్ ఉండదు కదా. పోనీ ఎత్తినట్టు ఈ ఫోన్లో ఉందా అంటే, అదీ లేదు.

మిగతా నంబర్లకి నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు ఎత్తలేదు. వాళ్ళేమయ్యారో నాకు తెలియదు. కైకలూరు వైపు నుంచి ఒకావిడ మాత్రం, ఆయన బతికుండగా రెండుమూడుసార్లు తనవాళ్ళకి మంత్రం వేశారని చెప్పింది. "ముందు ఆసుపత్రికి బయల్దేరారా అని అడిగేవారండి. బండెక్కామంటేనే చదివేవారండి" అంది. మా అమ్మ గురించి ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను. "లేదండీ, మాకెప్పుడూ చెప్పలేదండి."

నా ప్రశ్నకి జవాబు దొరికినట్టే. నా ఇంటి డాబా మీదే, నా నెత్తి మీదే నిలబడి ఆయన ఇన్నేళ్ళూ జనాన్ని ఆసుపత్రులకి పంపుతున్నారు. మంత్రమూ మానలేదు, ఇంజెక్షన్నీ కాదనలేదు. రెండిటినీ ఒకే ఆటో ఎక్కించారు. మా అమ్మకి తప్ప.

ఆ మధ్యాహ్నం వీర్రాజు ఫోన్ ఎత్తింది ఎవరు? నాకు చేతనైనవన్నీ ఆలోచించాను. లైన్ కలిసిపోయి ఇంకెవరో పలికారంటే, ఆ ఇంకెవరికో మా పాలగిన్నె సంగతి ఎలా తెలుసు? భార్యాభర్తలు కల్పించారంటే, నాకు అబద్ధం చెప్పి వాళ్ళకి ఒరిగేదేమిటి? సైన్సు ప్రకారం ఆ ఫోన్ మోగలేదు. మోగలేదంటే నాన్న ఎక్కడా లేరు, ఆ మాటా లేదు. మోగింది, ఆయనే ఎత్తారు అని నమ్మాలనే ఉంది నాకు. కానీ నమ్మితే ఇంకో బాధ. ముక్కూ మొహం తెలియని వీర్రాజుకి చెప్పగలిగిన మాట, ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్న నాతో ఎందుకు చెప్పలేకపోయారు నాన్న? ఆ రెండిట్లో ఏది నిజమో ఇవాళ్టికీ నేను తేల్చుకోలేదు. తేలుతుందన్న ఆశా లేదు.

ఆ రోజు మాత్రం మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టాను. పప్పు వేసి, నెయ్యి వేసి, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, డాబా మీదికి తీసుకెళ్ళాను. ఎవరితో మాట్లాడుతున్నానో నాకే సిగ్గేసింది, అయినా పైకే అన్నాను.

"ఆవిడకి తగ్గిందట నాన్నా. ఇంక తినండి."

అన్నాక అక్కడే కూర్చుని ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. పొద్దు వాలేదాకా ఆ కంచం ముందే కూర్చున్నాను. ఏమీ జరగలేదు. అన్నం ఎండి అట్ట కట్టింది, అంతే. ఆయన తిన్నారని నేను చెప్పలేను. కానీ ఆ కంచం కడగడానికి నాకు చేతులు రాలేదు.